ఒక మాట, అనేక అర్థాలు: 'ట్యాంక్' నుంచి చెరువు దాకా

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• 'ట్యాంక్' అనే ఆంగ్ల పదం పుట్టుకను, అర్థపరిణామాన్ని వివరించగలుగుతారు.
• 'చెరువు' అనే పదంతో దానిని పోల్చి చూడగలుగుతారు.
• అనువాదంలో ఒక మాటకు మరో మాట పెట్టినప్పుడు ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నల్గొండ జిల్లాలో ఏ పల్లెలోనైనా ఈ రెండు వాక్యాలు వినవచ్చు. ఒకటి: "ట్యాంకు నిండింది." రెండు: "చెరువు నిండింది." మొదటి మాట వినగానే ఎవరో ఒకరు మోటరు బంద్ చేస్తారు. రెండో మాట వింటే ఊరంతా కట్ట మీదికి పోతుంది. అలుగు పారుతున్నదా అని చూస్తుంది, నారు పోయడానికి సిద్ధమవుతుంది. ఈ రెండు వాక్యాలను భారతీయ ఆంగ్లంలోకి మార్చండి. రెండు చోట్లా 'ట్యాంక్' అనే మాటే వాడే వీలుంది. తెలుగువాడికి ఎంతో తేడా ఉన్న రెండు విషయాలు ఆ భాషలో ఒకే మాట కిందికి ఎట్లా చేరాయి? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

2. మాట పుట్టుక

'ట్యాంక్' ఆంగ్లేయులు తమ దేశం నుంచి తెచ్చిన మాట కాదు. పదిహేడో శతాబ్దం తొలినాళ్లలో భారతదేశానికి వచ్చిన ఆంగ్ల వర్తకులు ఇక్కడి జలాశయాలను చెప్పడానికి దీనిని వాడసాగారు. దీని మూలం గురించి రెండు వాదాలున్నాయి. గుజరాతీ, మరాఠీ భాషలలో నీటి తొట్టిని చెప్పే 'టాంకు', 'టాకే' వంటి మాటల నుంచి వచ్చిందని ఒక వాదం. పోర్చుగీసు 'టాంకె' నుంచి వచ్చిందని రెండో వాదం. పోర్చుగీసు మాటకు మూలమైన క్రియకు ప్రవాహాన్ని ఆపడం, నిలువరించడం అని అర్థం. పశ్చిమ తీరంలో ఈ రెండు మాటలూ ఆంగ్లేయుల చెవిన పడ్డాయి. రూపంలోనూ అర్థంలోనూ దగ్గరగా ఉండడం వల్ల అవి కలిసిపోయి ఉంటాయని భావించవచ్చు. ఒక మాటకు ఒకే తల్లి ఉండాలన్న నియమం లేదని దీనివల్ల గ్రహించాలి.

3. అర్థపరిణామం

మొదట జలాశయాన్ని చెప్పిన ఈ మాట క్రమంగా ద్రవాన్ని నిలవచేసే ఏ పాత్రకైనా పేరైంది. దీనిని అర్థవ్యాకోచం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మరో మలుపు వచ్చింది. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఒక కొత్త యుద్ధవాహనం తయారవుతున్నది. రహస్యం బయటపడకుండా దానిని నీటి తొట్టి అని చెప్పారు. 1916 సెప్టెంబరు 15న అది ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలోకి దిగింది. దాచడానికి పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఈనాడు బ్రిటన్ పాఠకుడికి ఈ మాట వినగానే చేపల తొట్టి, ఇంధన తొట్టి లేదా యుద్ధవాహనం గుర్తుకు వస్తాయి. చెరువు అనే అర్థం ప్రధానంగా భారతీయ ఆంగ్లంలో నిలిచింది. హుస్సేన్‌సాగర్ కట్టను మనం 'ట్యాంక్‌బండ్' అనడం అందుకు ఉదాహరణ.

తెలుగులోకి వచ్చాక ఈ మాటకు అర్థసంకోచం కలిగింది. నీళ్ల ట్యాంకు, డీజిల్ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు అంటాం. ఊరి చెరువును మాత్రం ఎవరూ ట్యాంకు అనరు. అంటే తెలుగు ఈ మాటను తీసుకున్నది కాని, తన మాటను వదులుకోలేదు.

4. 'చెరువు' చెప్పేది

'చెరువు' పూర్వరూపం 'చెఱువు'. కన్నడంలో ఇది 'కెఱె'. కన్నడ 'కివి' తెలుగులో 'చెవి' అయినట్లే ఇక్కడ కూడా కకారం చకారమైంది. బంధనం అనే అర్థం గల 'చెఱ', ఈ 'చెఱువు' ఒకే ధాతువుకు చెందినవని ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు గుర్తించారు. అంటే చెరువు అడ్డుకట్టతో బంధించిన నీరు. పోర్చుగీసు మాటకూ ఇదే మూలభావం. పుట్టుకలో ఇంత దగ్గరగా ఉన్న మాటలు వాడుకలో ఎందుకు దూరమయ్యాయన్నది ఆలోచించదగిన విషయం.

5. అనువాదంలో జారిపోయినది

సి.పి. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో చెరువుకు 'ట్యాంక్' అనే అర్థమిచ్చాడు. నిఘంటుకర్తగా అది తప్పు కాదు. అప్పటికి ఆ మాటకు ఇక్కడ ఆ అర్థం ఉంది. అయితే 'ట్యాంక్' నీరు నిలిచే చోటును మాత్రమే చెబుతుంది. చెరువు అంటే కట్ట, తూము, అలుగు, కాలువ, ఆయకట్టు కలిసిన ఒక ఏర్పాటు. నీరు వదిలే నీరటి, నీరు తక్కువైన ఏడు సాగు వాటాలు తేల్చే తైబందీ, కట్ట మీద కొలువైన మైసమ్మ కూడా అందులో భాగమే. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టును 'ట్యాంక్' అనే మాట సూచించదు.

నిజాం పాలనలో రెవెన్యూ భాష మరో మార్గం పట్టింది. నీరు నిలిచే భూమిని 'శిఖం' అన్నది. పారసీలో 'షికమ్' అంటే కడుపు. చెరువుకు కడుపు ఉన్నదన్న ఊహ అందులో ఉంది. ఈనాటి అధికార భాషలో 'ఎఫ్‌టీఎల్', అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్ అనే గీత ప్రధానమైంది. హద్దు తేల్చడానికి ఆ గీత అవసరమే. కాని గీత లోపలి నీటిని కాపాడి, గీత బయటి వాగును, కాలువను పూడ్చివేస్తే చెరువు మిగలదు. మాట దేనిని చూపుతుందో పాలన కూడా దానినే చూస్తుందన్న ప్రమాదం ఇక్కడ ఉంది.

6. నల్గొండ అనుభవం

పానగల్లు వద్ద కందూరు చోళుల కాలంలో ఏర్పడిన ఉదయసముద్రం ఇప్పుడు కృష్ణా జలాల పథకంలో బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. సముద్రం, చెరువు, రిజర్వాయరు అనే మూడు పేర్లూ ఒకే నీటికి మూడు కాలాల చూపులు.

ఈ జిల్లా రాతిపొరల్లోని ఫ్లోరైడు భూగర్భజలంలో కలిసి ఎందరి ఎముకలనో వంచింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' పేరుతో తెలిసింది. ఒక ఊరి పేరు ఇట్లా ఒక శాస్త్ర పదమైంది. ఇక్కడి తల్లికి కృష్ణా నీరు తెచ్చే ఎత్తయిన ట్యాంకు పరాయి మాట కాదు. అది బిడ్డ కాళ్లు వంకర పోకుండా కాపాడే మాట. కాబట్టి 'ట్యాంకు'ను అన్యదేశ్యమని తోసివేయాలనే శుద్ధభాషావాదం నిలవదు.

అట్లాగే, రెండూ ఒకటేనన్న వాదమూ నిలవదు. ట్యాంకు తాగునీరు ఇస్తుంది. చెరువు ఆ నీటితో పాటు చుట్టుపక్కల బావులకు ఊట, పొలానికి మట్టి, ఊరికి పని ఇస్తుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతను 'మిషన్ కాకతీయ' పేరుతో చేపట్టింది. పైపుల ద్వారా తాగునీరు ఇవ్వడానికి 'మిషన్ భగీరథ'ను వేరుగా చేపట్టింది. ప్రజల భాషలో ఉన్న భేదమే ఇక్కడ పథకాల్లోనూ కనిపిస్తుంది.

7. సారాంశం

'ట్యాంక్' భారతదేశంలో ఆంగ్లంలోకి చేరి, లోకమంతా తిరిగి, కొత్త అర్థంతో తెలుగులోకి వచ్చింది. ఆంగ్లంలో దానికి అర్థవ్యాకోచం, తెలుగులో అర్థసంకోచం కలిగాయి. పదానికి పదం పెట్టడం అనువాదంలో తొలి మెట్టు మాత్రమే. ఆ పదం చుట్టూ ఉన్న పనులను, మనుషులను, హక్కులను గుర్తించడం విమర్శకుని బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ట్యాంక్' పుట్టుక గురించిన రెండు వాదాలను పేర్కొనండి.
2. 'చెఱ', 'చెఱువు' పదాల సంబంధాన్ని వివరించండి.
3. మీ ఊరి చెరువుకు సంబంధించిన పది మాటలను పెద్దలనడిగి సేకరించండి. వాటిలో ఆంగ్లంలోకి ఒక్క మాటతో మార్చలేనివి ఏవో, ఎందుకో చర్చించండి.