పత్తి కట్టెకు తడి చెత్త తోడు

ఆఖరి తీత అయిపోయాక పత్తి చేలో మిగిలేది కట్టె. జనవరి నుంచి మార్చి దాకా చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, నరసరావుపేట చుట్టూ ఉన్న నల్లరేగడి చేలల్లో ఆ కట్టెను పీకి, గట్టున కుప్పేసి నిప్పు పెట్టడం మామూలైపోయింది. మిరప కట్టెకూ ఇంచుమించు అదే గతి. ఆ చేలకు కూతవేటు దూరంలో, ఊరి చివర, పంచాయతీ కట్టించిన ‘చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం’ ఉంటుంది. రేకుల షెడ్డు, వరుసగా సిమెంటు తొట్లు, గోడ మీద నినాదం. చాలా ఊళ్లలో ఆ తొట్లు ఖాళీగా ఉంటాయి. లేదంటే ప్లాస్టిక్ సంచులతో కలిసిపోయిన మెతుకులు, కూరగాయల తొక్కలు వాటిలో కుళ్లి కంపు కొడుతుంటాయి. చేలో కట్టె సంగతి వ్యవసాయ శాఖ చూసుకుంటుందని, ఊళ్లో చెత్త సంగతి పంచాయతీ చూసుకుంటుందని మనం రెంటినీ విడదీసి కూర్చున్నాం. విడిగా ఉన్నంత కాలం రెండూ మనకు బెడదే. కలిపితే రెండూ ఎరువే. కలపడానికి తగిన చోటు ఆ షెడ్డే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అసలు పత్తి కట్టె పనికిరానిదెప్పుడైంది? పత్తి చెట్టులో పారేసేది ఉండేది కాదు. దూది జిన్నింగ్ మిల్లుకు, గింజ నూనెకు, నూనె తీసిన చెక్క గొడ్లకు, కట్టె పొయ్యిలోకి పోయేవి. ఇంటి పక్కన పత్తి కట్టె వాము ఉన్న ఇల్లాలికి ఏడాదంతా వంటచెరకు చింత ఉండేది కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం మొదలయ్యాక గ్యాస్ పొయ్యి పల్లె వంటిళ్లలోకి వచ్చింది. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు పొగ బాధ తప్పింది. అది ఎంతో మేలైన మార్పు, దాన్ని వెనక్కి తిప్పాలని ఎవరూ కోరుకోరు. మరోపక్క అరకల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. ఒంగోలు గిత్తలకు పేరుపడ్డ సీమలోనే కొట్టాలు ఖాళీ అయి, ఇంటింటి పెంటదిబ్బ కరిగిపోయింది. కట్టెకు ఉన్న వాడకమూ పోయింది, దాన్ని మాగబెట్టగల పేడా పోయింది. రైతు బద్ధకం వల్లనే కట్టె కాలిపోతోందని తీర్పు చెప్పే వాళ్లు ఈ రెండు మార్పులనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఆధునిక కంపోస్టు కథ మొదలైందే పత్తి కట్టె దగ్గర అంటే ఆశ్చర్యం అనిపించవచ్చు. వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన సంస్థ ప్రధానంగా పత్తి పరిశోధన కోసం పెట్టింది. అక్కడ ఆయన, సహచరుడు యశ్వంత్ వాడ్ కలిసి రూపొందించిన పద్ధతే ఇండోర్ కంపోస్టు పద్ధతిగా ప్రపంచమంతా పాకింది. వాళ్లకు ఎదురైన చిక్కు సరిగ్గా మనదే: పత్తి కట్టె, కంది కట్టె గట్టివి, ఓ పట్టాన కుళ్లవు. దానికి వాళ్లు వెతుక్కున్న ఉపాయం ఎంతో తేలికైంది. కట్టెను పొలం బాటల మీద పరిచి బండ్ల చక్రాల కింద నలగనిచ్చారు. నలిగినదాన్ని కొట్టంలో పశువుల కింద పక్కగా వేసి, పేడా మూత్రమూ పట్టాక తడిపి కుప్పపోశారు. మూడు నెలలకు ఎరువు తయారైంది. కట్టెలో కర్బనం మెండు, నత్రజని కొద్ది. ఒక పాలు నత్రజనికి యాభై పాళ్లకు పైగా కర్బనం ఉంటుంది. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయడానికి పాతిక, ముప్పై పాళ్లు చాలు. కట్టెను ఒంటరిగా మట్టిలో కలిపితే ఆ జీవులు నేలలో ఉన్న నత్రజనినే లాక్కుని పైరును పస్తు పెడతాయి. హోవర్డ్‌కు లోటు తీర్చింది పేడ. మన ఊళ్లో పేడ తగ్గింది కానీ తడి చెత్త తగ్గలేదు. వంటింటి వ్యర్థాల్లో ఆ నిష్పత్తి ఇరవైకి అటూ ఇటూ ఉంటుంది. కట్టెకు లేనిది దాని దగ్గర ఉంది.

తడి చెత్త వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. ఉపాధి హామీ నిధులతో పంచాయతీల్లో ఈ షెడ్లు లేచాయి, హరిత రాయబారుల పేరుతో చెత్త సేకరించే పనివాళ్లు వచ్చారు, ఇంటింటికీ రిక్షాలు తిరిగాయి. వంటింటి చెత్తలో ముప్పాతిక వంతు నీరే. దాన్ని ఒక్కదాన్నే తొట్లో పోస్తే ముద్దగా అణిగి, గాలి ఆడక కుళ్లుతుంది. ఈగలు ముసురుతాయి, పక్క ఇళ్లవాళ్లు గొడవకు వస్తారు, షెడ్డు మూతపడుతుంది. ఈ తొట్లు విఫలమవడానికి సిబ్బంది నిర్లక్ష్యం కంటే వాటిలో ఎండు సరుకు లేకపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం. నరికిన కట్టె ముక్కలు ఆ నీటిని పీల్చుకుంటాయి, కుప్ప నడుమ గాలికి సందులు ఉంచుతాయి. ఎండు సరుకు కోసం నగరాల్లో రంపపు పొట్టు కొంటారు. మన ఊళ్లలో ఆ ఎండు సరుకే గట్టు మీద కాలిపోతోంది.

పని ఎలా సాగుతుందో చెబుతాను. కట్టెను రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరకాలి. షెడ్డు పక్క చదును నేల మీద జానెడు మందాన ముక్కలు పరిచి, దాని మీద నాలుగంగుళాల తడి చెత్త, పైన పేడనీళ్లు. మళ్లీ కట్టె, మళ్లీ చెత్త, అలా ఛాతీ ఎత్తు వరకు. వారం లోపే కుప్ప వేడెక్కుతుంది. ఇనుప చువ్వను నడిమధ్యకు దించి, కాసేపాగి పైకి లాగి పట్టుకుంటే అరచెయ్యి నిలవకూడదు. చువ్వ చల్లగా వస్తే తడి తగ్గినట్టు, లేదా వంటింటి చెత్త పాలు చాలనట్టు. లోపలి సరుకును గుప్పెట్లో పిండితే వేళ్ల సందున చెమ్మ కనిపించాలి కానీ నీరు ధారగా కారకూడదు. రెండు వారాలకోసారి తిరగేస్తుంటే మూడు నాలుగు నెలలకు కట్టె వేళ్ల మధ్య పొడిగా నలుగుతుంది. ఫిబ్రవరిలో వేసిన కుప్ప తొలకరి దుక్కికి అందుతుంది.

ఇక అభ్యంతరాలు. వీటిలో గట్టిది గులాబీ రంగు పురుగు. పంట ముగిశాక ఈ పురుగు విచ్చుకోని కాయల్లో, గింజల్లో, కుప్పేసిన కట్టెలో నిద్రావస్థలో ఉండి, తర్వాతి పంట మీద పడుతుంది. బీటీ విత్తనం దాన్ని ఆపలేకపోతున్న కాలంలో ఈ భయం అక్షరాలా నిజం. కాబట్టి కట్టెను తగలబెట్టడమే క్షేమమని చాలామంది రైతులు అంటారు. అయితే పురుగుకు ఆశ్రయమిచ్చేది నెలల తరబడి కదలకుండా పడి ఉన్న కట్టె. పీకిన వెంటనే ష్రెడ్డర్ యంత్రంలో నరికితే కాయలతో పాటు పురుగూ నలిగిపోతుంది. మిగిలింది 55, 60 డిగ్రీల వేడిలో రోజుల తరబడి ఉడికి చస్తుంది. నేల నెర్రెల్లో, మిల్లులకు పోయిన గింజల్లో ఉన్న పురుగును గట్టు మీది మంట ఎలాగూ తాకదు. డిసెంబర్ చివరికి పంట ముగించి, చేలో గొర్రెల మందను తోలి మిగిలిన కాయల్ని మేపించి, ఆ వెంటనే కట్టె నరికించడం అన్నిటికన్నా మంచి వరుస. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నరక్కుండా కట్టెను తెచ్చి షెడ్డు పక్కన వేసవంతా ఉంచే పంచాయతీ మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎండు తెగులు సోకిన మిరప చేల కట్టెను ఈ కుప్పలో కలపకపోవడమే మంచిది.

రెండో అభ్యంతరం మందుల గురించి. పత్తి, మిరప రెండూ విపరీతంగా మందు తాగే పంటలు. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డాక మిరపలో పిచికారీలు ఇంకా పెరిగాయి. ఆ కట్టెను కుళ్లబెట్టి మళ్లీ చేలో వేస్తే విషం తిరిగి రాదా అని అడగడం న్యాయమే. ఇప్పుడు వాడే మందుల్లో చాలా భాగం ఎండకు, కుప్ప వేడికి, సూక్ష్మజీవులకు విరిగిపోయేవే. అన్నీ విరిగిపోతాయని మాత్రం నేను అనను. అందుకే ఆఖరి పిచికారీకి, కట్టె నరకడానికి మధ్య వ్యవధి ఉండాలి. మొదటి ఏళ్లలో ఈ ఎరువును ఆకుకూరల మళ్లకు కాకుండా పత్తి చేలకే తోలాలి. ఈ లెక్కన నాకు కట్టె కంటే మందు డబ్బాల భయమే ఎక్కువ. ఖాళీ పురుగుమందు డబ్బాలను పగలగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చాలని 1971 క్రిమిసంహారక మందుల నిబంధనలే చెబుతున్నాయి. మన చేలల్లో అవి గట్ల మీద, కాలువల్లో కనిపిస్తాయి. కడిగి నీళ్లకు, నూనెకు వాడుకునే ఇళ్లూ ఉన్నాయి. వస్తువును మళ్లీ వాడటం మంచి గుణమే అయినా ఈ ఒక్క వస్తువు విషయంలో అది ప్రాణాంతకం. షెడ్డులో తాళం వేసిన ఒక గది ఈ డబ్బాల కోసం ఉండాలి, వాటిని వెనక్కి తీసుకెళ్లే భారం అమ్మిన కంపెనీల మీద పడాలి.

ఖర్చు సంగతికి వద్దాం. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50కి దొరుకుతుంది. అందులో నత్రజని 20 కిలోలకు పైనే. టన్ను మంచి కంపోస్టులో అది పది కిలోల లోపే ఉంటుంది. నత్రజని కోసమే అయితే కంపోస్టు ఎప్పటికీ గెలవదు, ఆ పోటీ పెట్టడమే పొరపాటు. సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని నేలకు కంపోస్టు ఇచ్చేది నీటిని పట్టుకునే గుణం, వేసిన యూరియా వృథా పోకుండా నిలిపే గుణం. ఇది మిరప రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎంత దూరం నుంచైనా పశువుల ఎరువు లారీల్లో తోలించుకునేది, డబ్బిచ్చి గొర్రెల మంద కట్టించుకునేది ఆయనే. కొనే మనిషి ఊళ్లోనే ఉన్నాడు. నగరాల కంపోస్టుకు కేంద్రం 2016లో టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించినా రైతు దాని వైపు పెద్దగా మొగ్గలేదు. గాజు పెంకులు, ప్లాస్టిక్ పీలికలు కనిపించిన ఎరువును ఎవరూ రెండోసారి చేలో వేయరు. తడి పొడి వేరుచేయడం గుమ్మం దగ్గరే జరగాలన్న మాటకు అసలు కారణం ఇదే. 2003లో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ.ఖాదర్ ఆ పని చేసి చూపించారు. పెద్ద యంత్రాలేవీ లేకుండా, ఇంటి దగ్గరే రెండుగా విడదీయించి, పొడి చెత్త అమ్మి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చారు.

ఈ వాదనలో నాకు నిజంగా కష్టమనిపించే ప్రశ్న కౌలు రైతుది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం 11 నెలలకే. కంపోస్టు మేలు రెండు మూడేళ్ల మీద కనబడుతుంది. వచ్చే ఏడు తనది కాని నేలకు కౌలుదారు ఎందుకు ఖర్చు పెట్టాలి? పెట్టమనడం అన్యాయం. అందుకే ఇది ఒంటరి రైతు మీద వేసే బరువు కాకూడదు. ష్రెడ్డర్ పంచాయతీది లేదా రైతు సేవా కేంద్రం ద్వారా అద్దెకు తెచ్చింది కావాలి. కౌలుదారు కట్టె ఇస్తాడు, బదులుగా ఆ తొలకరికే తను ఏ చేను చేస్తుంటే ఆ చేనుకు ఎరువు తీసుకుంటాడు. నేల బాగుపడితే లాభం యజమానికే కాబట్టి నరికిన కూలి, తోలిన కిరాయి ఆయన పెట్టుకోవాలి.

ఇంతకంటే పెద్ద పరిష్కారాలు ఉన్నాయిగా అనేవాళ్లూ ఉన్నారు. యడ్లపాడు మండలంలో కొండవీడు దగ్గర పట్టణాల చెత్తను కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల కేంద్రం 2022లో ప్రారంభమైంది. ప్రకాశం జిల్లా పీసీపల్లి మండలం దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మళ్లీ వాడలేని పొడి చెత్తకు మొదటిది పనికొస్తుందని ఒప్పుకుంటాను. నీళ్లోడే తడి చెత్తను కాల్చడమంటే ముందు నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం తగలెయ్యడమే. పల్లెల్లో చెల్లాచెదురుగా ఉండే, తేలికైన, బోలెడు చోటు పట్టే పత్తి కట్టెను లారీల్లో దూరం తోలడం లాభసాటి కాదు. పుట్టిన చోటే మాగడం దానికి తగినది. ఈ మధ్య చెత్త గురించి మన రాజకీయమంతా పన్ను చుట్టూ తిరిగింది. 2021లో వచ్చిన చెత్త పన్ను రద్దవుతుందని 2024 అక్టోబర్‌లో ప్రకటించారు. ఎవరు డబ్బు కట్టాలన్న తగాదాలో, సేకరించిన తడి చెత్త చివరికి ఏ చేనుకు చేరుతోందని అడిగినవాళ్లు తక్కువ.

2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగాక అధికారులు, సర్పంచులు ఒక అరగంట షెడ్డు దగ్గరికి నడవాలని నా విన్నపం. ఈసారి పత్తి ఆఖరి తీతకు ముందే గ్రామసభలో మూడు విషయాలు అడగండి: ష్రెడ్డర్ ఎప్పుడొస్తుంది, కట్టెకు బదులు ఎరువు ఇస్తామని పంచాయతీ తీర్మానం చేస్తుందా, మందు డబ్బాల గదికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది. జవాబులను తీర్మానాల పుస్తకంలో రాయించండి.