ఒక గొంతు, రెండు కాళ్ళు

రాక్ వాళ్ళ అన్‌ప్లగ్డ్‌లో గిటారైనా మిగులుతుంది. గుంటూరులో ఓ చిన్న హాల్లో నేను విన్న గోరటి వెంకన్నకి అదీ లేదు. ఒక మైకు, అంతే. తాళం ఆయన కాళ్ళలో ఉంది.

‘కుబుసం’ (2002) సినిమాతో ఊరూరికీ చేరిన ‘పల్లె కన్నీరు’ పాటలో ఎక్కడ ఏడవాలో ఆర్కెస్ట్రా ముందే చెప్పేస్తుంది. వెంకన్న చెప్పరు. చిందేస్తూ, కులవృత్తుల్ని ఒక్కొక్కటే పిలుస్తూ, మధ్యలో టక్కున ఆగిపోతారు. ఆ ఖాళీ సినిమా పాటలో లేదు. నా పక్కన కూర్చున్న మిర్చి రైతు ఒకాయన కళ్ళు తుడుచుకోలేదు. తన ఊళ్ళో ఆరిపోయిన కొలుములు, ఆగిపోయిన మగ్గాలు లెక్కేస్తున్నట్టు వేళ్ళు ముడిచాడు.

చిక్కల్లా అభిమానులతోనే. 2021 సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన ‘వల్లంకి తాళం’ లోంచి అందుకోగానే సగం హాలు ఫోన్లలోకి వెళ్ళింది. ‘పల్లె’ మళ్ళీ పాడమని చీటీలు. ఆయన ఓ చీటీ చదివి, నవ్వి, జేబులో పెట్టుకుని, పాడుతున్నదే పాడారు.