“మందుకు అలవాటుపడిన” సూక్ష్మజీవులు: ఒక మాటపై విమర్శ

స్టాఫిలోకాకస్ ఆరియస్ అను బాక్టీరియా మనకు క్రొత్తది కాదు. సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో అది ఏ హానియు చేయక నివసించుచుండును. చర్మము తెగినచోట ప్రవేశించి సెగగడ్డలు లేపును. రక్తములో చేరినచో ప్రాణమే తీయవచ్చును. 1959లో వాడుకలోనికి వచ్చిన మెథిసిలిన్ అను మందునకు లొంగని స్టాఫిలోకాకస్ రకము 1961 నాటికే ఇంగ్లండులో కనబడినది. ఇట్టి సంగతులు తెలుపునపుడు మన పత్రికలలోను, తరగతి గదులలోను తరచుగా వినవచ్చు వాక్యము ఒకటి కలదు: “సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడినవి.” నా విమర్శ ఈ వాక్యముపైననే.

నల్లమందు తినువాడు దానికి అలవాటుపడును. అచ్చట మారునది అతని దేహము. బాక్టీరియా విషయములో జరుగునది ఇది కాదు. 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఈ సంగతిని ఒక మఖమలు గుడ్డతో తేల్చిరి. పళ్లెములో పెరిగిన బాక్టీరియాపై ఆ గుడ్డను అద్ది, స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లెములపై వరుసగా ఒత్తిరి. బ్రతికినవి ఆ పళ్లెములన్నిటిలోను ఒకే స్థానమున కనబడినవి. మందు తగులని మొదటి పళ్లెములో అదే స్థానమునుండి తీసి పెంచగా, వానియందును మందుకు లొంగనివి దొరకినవి. అనగా ఆ గుణము మందు తగులకముందే పుట్టియున్నది. మందు చేసినదెల్ల తక్కినవానిని చంపి, వీనికి చోటు చేయుటయే.

ఇది కేవలము మాటల తగవు కాదు. అలవాటు అనగానే విద్యార్థి అది రోగి దేహమునకు పట్టినదనుకొనును. “నేనెన్నడును యాంటిబయాటిక్ మ్రింగలేదు, నాకేమి భయము?” అనువారు ఇందువలననే బయలుదేరుచున్నారు. లొంగని రకము ప్రక్కవాని చేతినుండియు సంక్రమించును గదా!

మన ప్రాంతమున దీనిని బోధించుటకు పత్తిచేను చాలును. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు చావక పత్తి పంట నాశనమైనది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. పదేపదే చల్లిన మందు, చావని పురుగులనే విత్తనముగా మిగిల్చినది. అయితే ఈ పోలికను మితిమీరి లాగరాదు. పురుగు తన గుణమును సంతానమునకే ఈయగలదు. బాక్టీరియా ప్రక్కనున్న వేరుజాతి దానికిని ఈయగలదు. జిగట విరేచనములు కలిగించు షిగెల్లాకును, పేగులలో నుండు ఎశ్చరీషియా కోలైకిని నడుమ ఇట్టి బదిలీ జరుగునని 1959లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి.

మరియొక లోపము: “మందుకు లొంగనిది”, “మరింత ప్రమాదకరమైనది” అను రెంటిని ఒకే అర్థమున వాడుట. లొంగనిది తప్పక ఎక్కువ విషము చిమ్మవలెనని లేదు. రెండును ఒకదానియందే చేరినపుడు గదా అసలు ముప్పు. 1997-99 నడుమ అమెరికాలోని మినెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రములలో మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ వలన నలుగురు పిల్లలు మరణించిరి. వారు ఆస్పత్రులలో దీర్ఘకాలముండి దానిని తెచ్చుకొన్నవారు కారు. అటుపిమ్మట జనులలో వ్యాపించిన ఇట్టి రకములు పెక్కింటిలో, తెల్ల రక్తకణములను చంపు విషమునకు మూలమైన జన్యువులు కనబడినవి.

“అలవాటుపడినవి” అను చోట “లొంగనివి మిగిలినవి” అని వ్రాసినచో పాఠము పెరుగునది ఒక్క మాటయే.