కాళిదాసు మేఘం, జాషువా గబ్బిలం

‘గబ్బిలం’ గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది అందులోని ఆక్రోశం దగ్గరే ఆగిపోతారు. ఆ ఆక్రోశం నిజమైనదే, దాని వెనక బతుకూ నిజమైనదే. అయితే అది చదివేవాడి గుండెకు అంత గట్టిగా తగలడానికి జాషువా చేతి పనితనం కూడా కారణం. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తల్లిదండ్రులవి వేరువేరు కులాలు. బడిలోనూ ఊళ్లోనూ అవమానాలు పడుతూనే పెరిగారు. అయినా పట్టు వదలకుండా జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర కాళిదాసు సంస్కృత కావ్యాలు మేఘదూతం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. తర్వాత ఉభయభాషాప్రవీణ పాసయ్యారు.

మన కవులకు సంస్కృతం ఎలాంటిదో, యూరప్‌లో లాటిన్ అలాంటిదే. వందల ఏళ్లు అక్కడ చదువంటే లాటిన్ చదువే. పిల్లలు వర్జిల్, ఓవిడ్ పద్యాలు కంఠస్థం చేసి, వాటి ఒరవడిలో రాస్తూ చెయ్యి తిప్పుకునేవాళ్లు. ఇటాలియన్‌లో ‘డివైన్ కామెడీ’ రాసిన డాంటే నరకంలో తనకు దారి చూపించే గురువుగా వర్జిల్‌నే పెట్టుకున్నాడు. దేశభాషల గొప్పదనం చాటుతూ ఆయన రాసిన గ్రంథం లాటిన్‌లో ఉంది! పాత భాష మీద పట్టుతోనే ఇంటి భాషను ఆ ఎత్తుకు చేర్చాడు. నన్నయ నాటి నుంచీ మనదీ అదే కథ.

మేఘదూతం లాంటి సందేశకావ్యానికి ఒక చట్రం ఉంది. అయినవాళ్లకు దూరమైన మనిషి, కబురు మోసే దూత, దారి వర్ణన, చివరికి చెప్పాల్సిన మాట. మేఘదూతంలో శాపం పొందిన యక్షుడు రామగిరి నుంచి అలకాపురిలో ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో యక్షుడి చోటికి తంజావూరు సీమకు చెందిన పేద అరుంధతీయుడు వచ్చాడు. కబురు అందాల్సింది కాశీ విశ్వనాథుడికి. మోసుకెళ్లేది గబ్బిలం.

ఆ దూతను ఎంచుకోవడంలోనే కవి ప్రతిభంతా కనిపిస్తుంది. ఇంట్లోకొస్తే అపశకునమని జనం తరిమే జీవి అది. గుడిలోకి పోతే మాత్రం అడ్డుపెట్టేవాడు లేడు, దేవుడికి దగ్గరగా కప్పుకు వేలాడవచ్చు. మనిషినేమో గడప అవతలే ఆపేస్తారు. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిన తన గోడు వెయ్యమంటాడు ఆ పేదవాడు. మేఘదూతం చదివినవాడికి ఈ దెబ్బ రెండింతలుగా తగులుతుంది. విరహం కోసం కట్టిన చట్రంలోకి ఆకలీ అంటరానితనమూ వచ్చి కూర్చున్నాయి మరి. దారి వర్ణననూ కవి వదల్లేదు. తనను వెలివేసిన తెలుగు నేల వైభవాన్ని ప్రేమగా చూపిస్తూ గబ్బిలాన్ని సాగనంపుతాడు. నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించే చోటు అదే.

ఛందస్సు సంగతీ చూడాలి. మేఘదూతమంతా మందాక్రాంతం. పాదానికి 17 అక్షరాలు. 4, 6, 7గా విరుపు. సంస్కృతంలో యతి అంటే అలా ఆగడం. తెలుగులోనైతే పాదం మొదటి అక్షరంతో యతిస్థానంలోని అక్షరానికి మైత్రి కుదరాలి. జాషువా కాళిదాసు చట్రం తీసుకున్నారు గానీ నడక మాత్రం తెలుగుదే పెట్టారు. ‘గబ్బిలం’లో తేటగీతులు విరివిగా వస్తాయి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు, నాలుగో గణం మొదట యతి, ప్రాసనియమం లేదు. పాదం చిన్నది కాబట్టి మాట్లాడే వాక్యం అందులో హాయిగా ఇమిడిపోతుంది. పేదవాడు చీకట్లో గబ్బిలంతో మాట్లాడుతున్నాడంటే మనం నమ్మేది అందుకే.

శతావధాని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ గౌరవాలు పద్యాన్ని చూసి ఇచ్చినవి. తరగతిలో ‘గబ్బిలం’ చెప్పే మాస్టార్లు పక్కనే మేఘదూతంలోంచి, తెలుగు తాత్పర్యంతోనైనా సరే, నాలుగు శ్లోకాలు చదివించాలి. జాషువా ఏం తీసుకున్నారో, దాన్ని ఎటు తిప్పారో పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు.