ఓడ గుర్రమైన రోజు

డొరతీ వర్డ్స్‌వర్త్ గురించి ఎమ్మే ఇంగ్లీషు క్లాసులో నేను విన్నది ఒకే ఒక్క వాక్యం: కవిగారి చెల్లెలు, అన్న ఇంట్లోనే ఉండి ఆయన కవితలకు సాఫు ప్రతులు రాసిపెట్టింది. పరీక్షకు అంతే చాలింది. ఆమె కొండలెక్కేదని మాకెవరూ చెప్పలేదు. ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో తెలిసింది, అప్పటికి నేనూ కొండలెక్కుతున్నాను.

ఉద్యోగం కోసం వెళ్లి అక్కడ తొమ్మిదేళ్లున్నాను. మొదట్లో ఆదివారాల ఒంటరితనం భరించలేక నడిచాను, తర్వాత నడవకుండా ఉండలేక నడిచాను. ఆ పైన మౌంటెన్ రెస్క్యూ జట్టులో వాలంటీరుగా చేరాను. ఆ దేశంలో కొండమీద దారి తప్పినవాళ్లు, కాలు విరిగినవాళ్లు 999కి ఫోన్ చేసి పోలీసులకు చెబితే, వాళ్లు ఈ జట్టును పిలుస్తారు. టీచర్లు, నర్సులు, గొర్రెల కాపరులు చేస్తున్న పని వదిలేసి వస్తారు. జీతం లేదు. కిందికి దించినందుకు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోరు. "ఊళ్లోవాళ్లను మొయ్యడానికా నిన్నంత చదివించింది!" అని అమ్మ ఫోనులో విసుక్కునేది.

1818 అక్టోబరు 7న, 46 ఏళ్ల డొరతీ తన స్నేహితురాలు మేరీ బార్కర్‌తో కలిసి స్కాఫెల్ పైక్ ఎక్కింది. 978 మీటర్లు, ఇంగ్లండులో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. నిజానికి వాళ్లు బయల్దేరింది కింద ఉన్న ఎస్క్ హాజ్ కనుమ దాకానే. ఆకాశం తేటగా ఉందని పైకి సాగిపోయారు. శిఖరం మీద గాలి ఎంత నిశ్చలంగా ఉందంటే, తిండి చుట్టి తెచ్చుకున్న కాగితాలు కూడా కదల్లేదట. ఇలాంటి వివరాన్ని పట్టుకోవాలంటే ఆ కాగితాలు విప్పిన చేతులై ఉండాలి. ఆమె ఇదంతా ఒక ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరాన్నే విలియం కొద్ది మార్పులతో 1822లో వచ్చిన తన సరస్సుల గైడులో చేర్చుకున్నాడు. ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలోది అన్నాడు గానీ ఎవరు రాశారో చెప్పలేదు. పాఠకులు ఆయనదే అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

ఆ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటుంది. దూరంగా మెరుస్తున్న సముద్రం మీద ఆమెకు ఓడ కనిపిస్తుంది. వెంట ఉన్న గొర్రెల కాపరి, ఓడేనా అని అడుగుతాడు. నేనెన్ని ఓడలు చూశానో, పొరబడే ప్రసక్తే లేదంటుంది మేరీ. అతను వాదించడు. కాసేపాగి, ఇప్పుడు చూడండి మీ ఓడ గుర్రమైంది అంటాడు. అది మబ్బు. అందరూ పగలబడి నవ్వుతారు. విమర్శకులు దీన్ని సరదా ఘట్టంగా చదువుతారు. నేను చదవలేను. ఆమె తమ్ముడు జాన్ ఓడ కెప్టెను, 1805లో తన ఓడతోపాటే మునిగిపోయాడు. దూరాన ఓడ కనిపించిన ఆ క్షణం వెనక అతను కూడా ఉన్నాడేమోనని నా అనుమానం. ఆ పేరు తీసేసిన గైడులో మాత్రం అది ఎవరో ఒక పెద్దమనిషి కబురుగా మిగిలింది.

ఒక నవంబరు సాయంత్రం, ఒంటరిగా వెళ్లి తిరిగిరాని స్త్రీ కోసం వెతుకుతున్నాం. చీకటి పడబోతుండగా, వాగుకు అవతల రాళ్లవాలు మీద ఎర్ర జాకెట్టు చూశాను. చూశానంటే చూశానే. పక్కనున్న డెబ్బై ఏళ్ల కాపరి "జాకెట్టేనా?" అన్నాడు. "ముమ్మాటికీ" అన్నాను. ఐదుగురం వాగు దాటి వెళ్లాం. ఎండి ఎర్రబడిన ఫెర్న్ పొద. పోయి రావడానికి నలభై నిమిషాలు. ఆమెను మరో బృందం ఒక గొర్రెల దొడ్డి గోడ వారన కనుక్కుంది. మడమ విరిగి, చలికి మాట తడబడుతోంది. స్ట్రెచర్ మీద కిందికి దిగినంతసేపూ మాకు క్షమాపణలు చెబుతూనే ఉంది. మేం మోసిన మగవాళ్లెవరూ అన్నిసార్లు చెప్పలేదు.

ఆ రిపోర్టు రాసింది నేనే. జట్టు పేరుతో వచ్చింది, అది అక్కడి ఆనవాయితీ, నాకేం బాధ లేదు. రక్షించే పనిలో పేరు లేకపోవడం ఒక మర్యాద. రాసే పనిలో పేరు లేకుండా చెయ్యడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, డొరతీకే పేరు మీద ఆశ లేదని సర్దిచెప్పే విమర్శకులతో నాకు పేచీ. వద్దనుకున్నదాన్ని వదులుకోవడానికి ముందు అది చేతిలో ఉండాలి కదా.

అయితే డొరతీని పూర్తిగా వెనకేసుకురాలేను. ఆ రోజు కొండెక్కినవాళ్లలో మేరీ పనిమనిషి ఉంది, సామాను మోసిన మనిషి ఉన్నాడు, వానొస్తుందని ముందే చెప్పిన ఆ కాపరి ఉన్నాడు. చరిత్రలో నిలిచినవి రెండు పేర్లే. చిన్నప్పుడు పాడేరు సంతకు నెత్తిన బుట్టలతో కొండలు దిగొచ్చే ఆడవాళ్లను రోజంతా చూస్తూ కూచునేదాన్ని. వాళ్ల నడకను ఎవరూ పర్వతారోహణ అనలేదు. నేనూ అనుకోలేదు, ఇంగ్లండు వెళ్లి బూట్లు కొనుక్కునేదాకా.

నన్నెందుకు ఆపలేదని తర్వాత ఆ కాపరిని అడిగాను. "చూశానన్నావుగా. వెళ్లి చూడకపోతే రాత్రంతా నీ కళ్లు అక్కడే ఉండేవి" అన్నాడు. డొరతీ తన ఓడను ఉత్తరంలో ఉంచింది. నా రిపోర్టులో ఆ నలభై నిమిషాలు లేవు. తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు.