చివరి రెండు పేజీలు లేని స్పైడర్‌మ్యాన్

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకు మొదటి స్పైడర్‌మ్యాన్ దొరికింది. అట్ట లేదు, చివరి రెండు పేజీలూ లేవు. పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీకి ఎర్రటి మరక. ముసుగు సగం చిరిగి, హీరో మేడ అంచు పట్టుకుని వేలాడుతున్న చోట కథ తెగిపోయింది. తర్వాతి సంచిక కోసం ఎన్ని ఆదివారాలు తిరిగానో! చివరికి దొరికింది కొన్నేళ్ల తర్వాతిది. అందులో ఆ హీరో పీటర్ పార్కర్‌కి మేరీ జేన్‌తో పెళ్లయిపోయి ఉంది.

మధ్యలో ఏం జరిగిందో నేనే అల్లుకున్నాను, బస్సులోనూ లెక్కల క్లాసులోనూ. పిల్ల ముందు కాదన్నట్టు, వీడు మళ్లీ అడిగినట్టు. అసలు కథలోనూ ఆమె ముందు కాదనే అందని చాలా కాలానికి తెలిసి మురిసిపోయాను.

ఇప్పుడు నెలకింతని కడితే మొత్తం ఫోన్లోకే వస్తోంది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో పుట్టించిన హైస్కూలు కుర్రాడి దగ్గర మొదలుపెట్టి, 121వ సంచిక దాకా ఆబగా చదివాను. 1973 నాటి సంచిక అది. విలన్ గ్రీన్ గాబ్లిన్ వంతెన మీంచి పడేసిన పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని స్పైడర్‌మ్యాన్ సాలెదారంతో పట్టుకుంటాడు. దక్కిందనుకుంటాడు. ఆమె మెడ పక్కన ‘స్నాప్’ అని చిన్న అక్షరాలు. కామిక్కుల్లో శబ్దాన్ని బొమ్మంత పెద్దగా రాస్తారు, ఇదేమో కళ్లు చికిలిస్తే గానీ కనపడదు. ఆమెను చంపింది పడటమా, పట్టుకోవడమా? ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అక్కడితో ఆపేయాల్సింది. రెండేళ్లకే గ్వెన్ క్లోన్ దిగింది. 1995లో, 400వ సంచికలో, మే ఆంటీ (వరసకు పెద్దమ్మ) పోయింది. నిజంగానే కళ్లు తుడుచుకున్నాను. తర్వాత చూస్తే, పోయింది ఆవిడ కాదట, ఆవిడలా నటించిన మనిషట! 2007లో అదే పెద్దమ్మ ప్రాణం కోసం పీటర్ దంపతులు మెఫిస్టో అనే దయ్యానికి తమ పెళ్లినే ధారపోశారు. తెల్లారేసరికి ఆ పెళ్లి ఎవరికీ గుర్తు లేదు. 1987 నుంచి ఇరవై ఏళ్ల కాపురం. నేను లెక్కల క్లాసులో కుదిర్చిన సంబంధం.

రచయితల్ని తిట్టను. నెలనెలా అమ్ముడుపోవాల్సిన కుర్రాడికి వయసు రాకూడదు, కథకు కంచికి దారి తెలియకూడదు. సంచిక నంబరు కూడా 1999, 2014, 2015, 2018, 2022, 2025ల్లో మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ప్లాస్టిక్ సర్జరీతో కొత్త మొహం పెట్టుకుని తిరిగొచ్చే మన టీవీ సీరియల్ కోడలు నయం, ఆవిడకి కనీసం పెళ్లయిన సంగతి గుర్తుంటుంది.

ఆబిడ్స్‌లో దొరకని నెలలన్నీ నావి. అక్కడ పోయినవాళ్లు పోయినట్టే ఉండేవాళ్లు, ఎందుకంటే వాళ్లను లేపి కూర్చోబెట్టే సంచిక నా చేతికి రాలేదు. యాప్‌లో దుఃఖపడే వ్యవధే లేదు, వేలితో తోస్తే విరుగుడు వచ్చేస్తుంది.

పోయిన నెల చందా మానేశాను. ఆ అట్ట లేని పుస్తకం బీరువాలోనే ఉంది. ఫోన్లో వరసగా చదువుకొస్తూ ఆ ఒక్క సంచికను మాత్రం తెరవకుండా దాటేశాను.