అచ్చుబొమ్మ అంచు కొయ్యొద్దు

చిత్రకారుడు లక్ష్మాగౌడ్ అనగానే మేకలు, చెట్లు, ఊరి మనుషులు, వెంట్రుకంత సన్నటి గీతలు గుర్తొస్తాయి. 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, ఆపైన బరోడాలో చదివిన ఆయన ఎచ్చింగ్‌లో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఎవరింట్లోనైనా అలాంటి ప్రింటు ఉండి, ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటే ఒక ఫోనూ, ఎండ నేరుగా పడని కిటికీ ఉంటే పనైపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. బొమ్మ పెద్దగా కనబడాలని చాలామంది చుట్టూ ఉన్న తెల్ల కాగితాన్ని ఫొటోలో కత్తిరించేస్తారు. విషయం తెలిసిన కొనుగోలుదారు చూపు ముందు పోయేది అక్కడికే.

ఎచ్చింగ్ కోసం రాగి లేదా జింకు రేకుకు యాసిడ్ అంటని పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసినచోట లోహం కరిగి గాడి పడుతుంది. గాడుల్లో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. ఆ ఒత్తిడికి రేకు అంచు మేర కాగితంలో పల్లం పడుతుంది. దాని కింద పెన్సిల్‌తో ఎడమవైపు 7/25 లాంటి అంకె, కుడివైపు సంతకం ఉంటాయి. 25 ప్రతుల్లో ఇది ఏడోదని లెక్క. అవి కోసేస్తే ఫొటోలో మిగిలేది క్యాలెండర్ బొమ్మే.

అందుకే ముందు ఫ్రేమ్ విప్పించి అద్దం తీయించాలి. లేకపోతే తీసేవారి చొక్కా కూడా బొమ్మలోకొస్తుంది. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. కిటికీ వెలుగుతో కలిస్తే తెల్ల కాగితం ఒకవైపు పచ్చబడుతుంది. ప్రింటును బల్లమీద పరిచి, కిటికీకి ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే రెండువైపులా వెలుగు సమంగా పడుతుంది. ఫోను సరిగ్గా పైన, కాగితానికి సమాంతరంగా ఉండాలి. ఫిల్టర్లు వద్దు.

రెండో ఫొటోకు థర్మాకోల్ తీసేయాలి. ఏటవాలు వెలుగులో రేకు పల్లం తేలి కనిపిస్తుంది. మూడోది సంతకానికి, నాలుగోది వెనకవైపుకు.

ఫొటోలయ్యాక వివరాలు నిజాయితీగా రాయాలి. చిత్రకారుడు రవివర్మ 1894లో ముంబైలో ప్రెస్సు పెట్టి తన బొమ్మలను ఇంటింటికీ చేర్చారు. అచ్చేయడం తప్పు కాదు. ఇవాళ ఇంక్‌జెట్ మీద తీసిన నకలును ఎచ్చింగ్ అని రాయడం మాత్రం మోసమే. ప్రింటు ఏ పద్ధతిలో వేసిందో, కాగితం కొలతెంతో, బొమ్మ కొలతెంతో విడివిడిగా రాయండి. మచ్చ ఉంటే దాన్నీ దగ్గరగా ఫొటో తీసి పెట్టండి.